కోపిష్టి కోసం రాసిన మెనూ

మా మేడమ్ చనిపోయారన్న కబురు నాకు స్టూడియో అన్న చెప్పాడు. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతున్నాను, ఫోన్ మోగింది. "తమ్మీ, మేడమ్ పోయింది. పొద్దుగాల ఫిట్స్ వచ్చినయంట. దవఖానకు తీస్కపోయేలోపల్నే అయిపోయింది. నువ్వు జల్ది రా" అన్నాడు. నేను మెట్ల మధ్యలో నిలబడిపోతే వెనక నుంచి ఒకడు భుజంతో గుద్ది, "పక్కకు జరుగు భాయ్" అన్నాడు. వాడి కాలర్ పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. వాడు నా మొహం చూసి, "పో అన్న, పో" అని నెమ్మదిగా వదిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఫిట్స్ ఎక్కడివో ముందు చెప్పాలి. అవి పుట్టుకతో వచ్చినవి కావు. తల మీద పడిన ఒక లైట్ స్టాండ్ దెబ్బతో వచ్చాయి. ఆ దెబ్బ ఒక కంప్యూటర్ మెనూ వల్ల పడింది. వినడానికి నవ్వొచ్చే మాటే. మేడమ్ కూడా నవ్వేవారు. "నన్ను చంపేది ఒక రైట్ క్లిక్ బాబూ, రాసి పెట్టుకో" అనేవారు. అప్పుడు రాసి పెట్టుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మాది అమీర్‌పేట గల్లీలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న చిన్న ఆఫీసు. కింద టిఫిన్ సెంటర్, పైన మేము. ఫొటో స్టూడియోలకూ, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసే షాపులకూ తెలుగులో నడిచే డెస్క్‌టాప్ తయారుచేస్తాం. తెర మీద కనిపించే మెనూలూ హెచ్చరికలూ అన్నీ తెలుగులోనే ఉంటాయి. ఏ బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఏ మాటలు రావాలి, ఏ వరసలో రావాలి, నొక్కాక ఏం చెప్పాలి అన్నది తేల్చడం మేడమ్ పని. తేల్చినదాన్ని కోడ్ చేయడం నా పని. ఆవిడది గుంటూరు వైపు. శ్రీనగర్ కాలనీలో అద్దె ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవారు. మనిషి పొట్టి. గొంతు ఎత్తితే మాత్రం కింద టిఫిన్ సెంటర్లో దోసె తిప్పేవాడు చెయ్యి ఆపేవాడు.

ఆవిడ టేబుల్ మీద ఒక అప్పడాల కర్ర ఉండేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అప్పడాల కర్ర ఏంటని నేనూ అనుకున్నాను, ఉద్యోగంలో చేరిన మొదటి పూట. ఆ పూటే తెలిసింది. పెన్ డ్రైవ్‌లో ఏదో కాపీ చేసుకుని, మెనూలో ఏం నొక్కకుండా సర్రున లాగేశాను. వేళ్ళ కణుపుల మీద టంగుమని పడింది దెబ్బ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఇంట్లో మా నాన్న కూడా నన్ను అంత గట్టిగా కొట్టలేదు. తిట్టబోయేలోగా ఆవిడ సొరుగు లాగి, గుప్పెడు చేగోడీలు తీసి నా ముందు పోసి, "తిను. తింటూ చెప్పు, ఎందుకు లాగావు?" అన్నారు.

"జల్దిల ఉన్న మేడమ్."

"అందరూ జల్దీలోనే ఉంటారు బాబూ. తీరిగ్గా ఉన్నోడికి మెనూ ఎందుకు?"

దెబ్బ తగలడం, చేగోడీ దొరకడం మా ఆఫీసులో అందరికీ అయిన అనుభవమే. మా యజమానికి కూడా ఒకసారి తగిలింది. ఆయన చేగోడీలు తిన్నాడు గానీ ఆ దెబ్బ మరిచిపోలేదు.

ఇక పాత మెనూ సంగతి. కంప్యూటర్‌కి బయట నుంచి తగిలించే హార్డ్ డిస్క్ ఉంటుంది కదా, స్టూడియోవాళ్ళ ప్రాణమంతా దాన్లో ఉంటుంది. దాన్ని లాగేసే ముందు కంప్యూటర్‌కి ఒక మాట చెప్పాలి. మన కంటికి కాపీ అయిపోయినట్టే ఉన్నా లోపల ఇంకా రాస్తూ ఉంటుంది. ఆ మాట చెప్పడానికి మా పాత మెనూలో మూడు ఆప్షన్లుండేవి. అన్‌మౌంట్, ఎజెక్ట్, సురక్షితంగా తొలగించు. మూడూ మేడమ్ పెట్టినవే. అందరూ అలాగే పెడతారు కనక ఆవిడా పెట్టారు. డిస్కుని లోపల రెండు మూడు అరలుగా చేసుకునే వీలుంటుంది. ఆ ఆప్షన్లలో మొదటిది ఒక్క అరని మాత్రమే మూస్తుంది. చివరిది డిస్కు మొత్తాన్ని ఆపుతుంది. మధ్యది ఎప్పుడేం చేస్తుందో డిస్కుని బట్టి ఉంటుంది. వీటి కిందే, వేలు కాస్త జారితే తగిలేంత దగ్గర్లో, డిస్కుని పూర్తిగా తుడిచేసే ఆప్షన్. ఇలాంటిదాన్ని మెనూ అంటారా, బావి పక్కన ఊయల అంటారా?

స్టూడియో అన్నకి పంజాగుట్ట వెళ్ళే దారిలో ఒక గల్లీలో షాపుంది. మా డెస్క్‌టాప్ కొన్న తొలి మనుషుల్లో ఆయనొకడు. ఆయన డిస్కులో రెండు అరలు, ఒకటి ఫొటోలకి, ఒకటి వీడియోలకి. ఒక రోజు పెళ్ళివాళ్ళ ఆల్బమ్ కోసం మనిషి వచ్చి గుమ్మంలో తొందరపెడుతున్నాడు. అన్న ఫొటోల అర మీద రైట్ క్లిక్ చేసి మొదటి ఆప్షన్ నొక్కాడు. బొమ్మ మాయమైంది. డిస్కు వదిలేసిందనుకుని వైరు లాగేశాడు. పక్క అరలో ఆ పెళ్ళి వీడియోయే ఇంకా రాస్తోంది. అసలు కెమెరా కార్డు అప్పటికే చెరిపేసి వేరే పెళ్ళికి పంపేశాడు. మిక్సింగ్ షాపుల్లో అందరూ చేసే పనే అది, కార్డులు ఊరికే రావు కదా.

ఆ పెళ్ళైన వారం లోపే పెళ్ళికూతురి తల్లి గుండె ఆగి చనిపోయింది. అప్పగింతల్లో ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని మాట్లాడిన మాటలు ఆ వీడియోలోనే ఉన్నాయి.

పోయిన వీడియో తిరిగొస్తుందేమో చూద్దామని మేడమూ నేనూ అన్న షాపుకి వెళ్ళాం. డిస్కు పెట్టుకుని కూర్చున్నామో లేదో చనిపోయిన ఆ తల్లి ఇద్దరు కొడుకులూ, వెనక చుట్టాలూ వచ్చారు. పెద్దోడు మొదట మెల్లగానే అడిగాడు. "మా అమ్మ ముచ్చట్లు ఏవి అన్న?"

"డిస్కు ఖరాబైంది భాయ్. జర టైమియ్యుర్రి, తీస్తున్నం" అన్నాడు స్టూడియో అన్న.

చెంప దెబ్బ ఎంత గట్టిగా పడిందంటే అన్న కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో సరిగా చెప్పలేను. ఒకడు ఆయన్ని కాలితో పొట్టలో తన్నాడు. ఇంకొకడు జుట్టు పట్టి లేపి, మొహాన్ని టేబుల్ అంచుకేసి కొట్టాడు. ముందు పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. షాపు అద్దం పగిలింది, ఫ్రేములు పగిలాయి, గోడ మీద నవ్వుతున్న కొత్త పెళ్ళికొడుకులందరూ కిందపడి కాళ్ళ కింద నలిగిపోయారు. నన్ను ఇద్దరు గోడకి అదిమి పట్టుకున్నారు. స్టూడియో అన్నని చంపేస్తారని నాకు నిజంగానే అనిపించింది. ఆయన అరవడం కూడా మానేశాడు.

అప్పుడు మేడమ్ లేచి ఆయనకి అడ్డంగా నిలబడ్డారు. "ఆయన్ని కాదు. ఆ మెనూ రాసింది నేను. తప్పు చోట పెట్టింది నేను" అన్నారు. ఆ మాట వాళ్ళలో ఎవరికి అర్థమవుతుంది? చిన్నోడు లైట్ స్టాండ్ ఎత్తి అన్న మీదికి విసిరాడు. అది ఆవిడ తలకి తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. ఆ చప్పుడు నేను ఇప్పటికీ వింటున్నాను. కీబోర్డ్ మీద రక్తం కారింది. విసిరిన చిన్నోడే ముందు ఏడ్చాడు. వాడే ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని గల్లీలో పరిగెత్తాడు. ఆటో దొరక్కపోతే రోడ్డుకి అడ్డం పడి ఒక కారుని ఆపాడు.

ఆస్పత్రిలో దెబ్బ ఎలా తగిలిందని అడిగితే, "స్టాండు మీద పడింది" అన్నారు మేడమ్. అది అబద్ధం కాదు కూడా. స్టూడియో అన్న వాచిన మూతితోనే కేసు పెడదామని గొడవ చేశాడు. "గిట్ల ఊకుంటె రేపు ఇంకోన్ని సంపుతరు మేడమ్."

"వాళ్ళమ్మని మనం లాగేశామండీ. వాళ్ళు ఒక దెబ్బ కొట్టారు. ఇంక కేసేంటి?" అన్నారావిడ. అప్పగింతల ముక్క మాత్రం తిరిగి రాలేదు. మిగతా వీడియో వచ్చింది. దాన్ని ఆవిడే తీసుకెళ్ళి ఆ ఇంట్లో ఇచ్చి వచ్చారు.

కట్టు విప్పకముందే ఆఫీసుకి వచ్చేశారు. వచ్చీ రాగానే నా పక్కన కుర్చీ లాక్కుని, "మూడూ పీకెయ్ బాబూ" అన్నారు. ఆ రోజు నుంచి మా మధ్య జరిగిన వాదనలన్నీ రాస్తే ఈ పేజీలు చాలవు. కొన్ని చెబుతాను, ఆవిడ ఎలా ఆలోచించేవారో తెలుస్తుంది.

"ఏంటీ సురక్షితంగా? ఆ మాట చదివేలోపు చెంప పగులుతుంది. తీసెయ్."

"మరి డిస్కు తీసేటప్పుడు 'పక్కానా' అని ఒకసారి అడుగుదమా మేడమ్?"

"కొట్లాటలో ఉన్నోడిని ఏది అడిగినా అవుననే నొక్కుతాడు. అడగొద్దు. చెప్పు."

"ఒక్క అరనే మూసుకుందమనుకునేటోడు ఏం జెయ్యాలె?"

"అరలు నీకూ నాకూ కావాలి. వైరు పట్టుకునే చేతికి డిస్కు ఒకటే. చేతికి ఎన్ని వస్తువులు అందుతాయో మెనూలో అన్నే ఉండాలి."

అలా మూడు పోయి ఒక్కటి మిగిలింది. 'డిస్కు తీయాలి'. అది నొక్కితే అన్ని అరలూ కలిపి ఆగుతాయి. తుడిచేసే ఆప్షన్‌ని అక్కణ్ణుంచి ఎత్తి, వెతికితే గానీ దొరకని చోట పడేశాం. నొక్కాక వచ్చే మాట దగ్గర మళ్ళీ యుద్ధం. నేను నూటికి ఎంత అయిందో అంకె చూపిద్దామన్నాను. ఆవిడ అప్పడాల కర్ర అందుకున్నారు. "ఎనభై అయిందంటే వాడికేం నొప్పి? లోపల ఏది మిగిలిందో దాని పేరు చెప్పు. వాడి సొంత వస్తువు పేరు కనపడితే చెయ్యి ఆగుద్ది."

చివరి మాట కోసం నన్నే అడిగారు. "మీ అమ్మ ఏమంటుంది, నువ్వు చిన్నప్పుడు ఏదన్నా పట్టుకుని లాగితే?" గుంజకు అంటది అన్నాను. చాలాసేపు నవ్వి, "మా అమ్మ లాగొద్దు అనేది. పీక నొక్కి మరీ అనేది" అన్నారు. గుంజకు, లాగొద్దు రెండూ తెర మీద పెట్టి, టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తినేవాళ్ళని పట్టుకొచ్చి చదివించారు. లాగొద్దు గెలిచింది. ఇంగ్లీషు సరిగా రాదని నన్ను ఎన్ని ఆఫీసులు గుమ్మంలోంచి పంపేశాయో నాకు తెలుసు. మా ఇంట్లో ఏమంటారని అడిగిన మనిషి ఈవిడ ఒక్కరే. నాకు అన్నం పెట్టింది ఆ ప్రశ్నే.

ఇక తెర నిండా పెద్ద అక్షరాలతో ఇలా వచ్చేది: 'ఫలానా వీడియో ఇంకా ఎక్కుతోంది. లాగొద్దు.' పనైపోయాక, 'అయింది. ఇక తీసుకోండి.'

మా యజమానికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆప్షన్లు తగ్గిస్తే పని తగ్గించినట్టుంటుంది మేడమ్. పైగా డబ్బులిచ్చే కస్టమర్ని లాగొద్దు అంటామా? దయచేసి వేచి ఉండండి అని పెట్టండి" అన్నాడు.

మేడమ్ చేతిలో స్టీలు నీళ్ళ బాటిల్ ఉంది. అది గాల్లో లేచి, ఆయన చెవి పక్కనుంచి పోయి, చెక్క గోడకి చిల్లు పెట్టింది. "దయచేసి అంటే ఈ ఊళ్ళో ఎవడు ఆగాడండీ? పంజాగుట్ట సిగ్నల్ దగ్గర దయచేసి అని బోర్డు రాయించి చూడండి" అన్నారు. ఆ చిల్లు ఇంకా అలాగే ఉంది. ఆయన భయపడ్డాడు, కోపమూ వచ్చింది. చివరికి ఒక మెలిక పెట్టాడు. "నిజంగా కోపంతో ఊగిపోయేవాడు ఒక్కడు, ఒకే ఒక్కడు, మీ మాట చదివి చెయ్యి ఆపాడని చూపించండి. మెనూ మీదే. లేకపోతే ఎప్పటికైనా పాతదే పెడతాను."

అప్పటి నుంచి పోయేదాకా మేడమ్ ఆ ఒక్క కోపిష్టి కోసమే వెతికారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆఫీసులో కొట్లాట పరీక్ష జరిగేది. శ్రీనగర్ కాలనీలో ఆవిడ పక్క వాటాలో ఒక సినిమా ఫైటర్ ఉండేవాడు, హీరోల చేతుల్లో దెబ్బలు తినే రకం. బిర్యానీ పెట్టిస్తానని అతన్ని తీసుకొచ్చేవారు. కోచింగ్ పిల్లల్లో ఒకర్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టేవారు. ఫైటర్ తలుపు తన్నుకుంటూ వచ్చి, కుర్చీలు విసిరి, ఆ పిల్లవాడి కాలర్ పట్టి లేపి, "నా వీడియో ఏదిరా" అని డిస్కు మీద చెయ్యి వేయాలి. తెర మీద లాగొద్దు అని వస్తుంది. ఆగుతాడా లాగుతాడా చూడాలి. మొదటిసారి ఆ గోల విని టిఫిన్ సెంటర్ ఆయన గరిటె పట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చి, ఫైటర్ వీపు మీద నిజంగానే రెండు వడ్డించాడు. నాలుగు వారాల్లో మా కుర్చీలకి కాళ్ళు లేకుండా పోయాయి.

ఫైటర్ మాత్రం ప్రతిసారీ లాగేసేవాడు, లేకపోతే మేడమ్‌ని సంతోషపెట్టడానికి ఆగేవాడు. రెండూ ఆవిడకి పనికిరాలేదు.

"మేడమ్, నాకు మీ మీద కోపం ఎట్ల రావాలె? బిర్యానీ పెట్టి కొట్టమంటరు" అన్నాడు ఒకరోజు.

మేడమ్ అతని దగ్గరికి నడిచి, మునివేళ్ళ మీద లేచి, ఫెడీమని ఒక్కటిచ్చారు. మేమంతా నిలబడిపోయాం. అతని కళ్ళు ఎర్రబడ్డాయి, పిడికిలి బిగుసుకుంది. మేడమ్ ఆశగా డిస్కు వైపు చూపించారు. అతను చెంప తడుముకుని, "సిన్మాల మస్తు దెబ్బలు తిన్న మేడమ్, గిది జర నిజంగనే తాకింది" అని కూర్చుని నీళ్ళడిగాడు. ఆవిడ మొహం వాడిపోయింది. చేగోడీల డబ్బా మొత్తం అతనికే ఇచ్చేశారు.

ఇంకో శుక్రవారం ఆ కొట్లాట నడుమే ఆవిడకి ఫిట్స్ వచ్చాయి. కుర్చీలు ఎగురుతుండగా ధబీమని పడి, కొట్టుకోవడం మొదలుపెట్టారు. మడమలు నేలకేసి కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ, నాలిక కొరుక్కుని రక్తం. అది నటన అనుకుని ఫైటర్ ఇంకో కుర్చీ ఎత్తాడు. తర్వాత తెలిసి, దాన్ని వదిలేసి, పరుగున వచ్చి ఆవిడ తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచారు. మొదటి మాట ఇది: "లాగావా, ఆగావా?"

"లాగిన మేడమ్" అన్నాడు అతను ఏడుస్తూ.

"ఛీ" అన్నారు.

డాక్టర్లు విశ్రాంతి అన్నారు. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే మేడమ్ వాళ్ళ అన్నగారు వచ్చి, ఉద్యోగం మానేసి తనతో వచ్చేయమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. అన్నాచెల్లెళ్ళు అరుచుకున్నారని ఫైటర్ చెప్పాడు. ఆయన కంచం గోడకేసి కొట్టి వెళ్ళిపోయారట. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఆవిడ ఆఫీసుకి వస్తూనే ఉన్నారు. "నిజం కోపిష్టి ఒక్కడు దొరికితే చాలు బాబూ. వాడు ఆగితే చూసి పోతా" అనేవారు. చూడకుండానే పోయారు.

పంజాగుట్ట శ్మశానంలో నిప్పు పెట్టాక మా యజమాని నా పక్కకి వచ్చాడు. "పాపం, మంచి మనిషి. కాస్త మొండి. సరే, వచ్చే వెర్షన్‌లో పాత మెనూనే పెడదాం. మన డెస్క్‌టాప్ తీసుకున్న మాసబ్ ట్యాంక్ ఆఫీసులవాళ్ళు కూడా ఆప్షన్లు తక్కువున్నాయంటున్నారు" అన్నాడు. ఎదురుగా ఆవిడ కాలుతున్నారు. నా కాలి దగ్గర ఒక కట్టె ఉంది. దాన్ని ఎత్తి ఆయన మొహం మీద కొట్టాలనిపించింది, వంగాను కూడా. స్టూడియో అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. కట్టుడు పళ్ళ మధ్య నుంచి, "ఆగు తమ్మీ. ఆమె పేరు ఖరాబ్ జెయ్యకు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, మెనూ ఉంచమని అడగడానికి నా చేతిలో ఏ రుజువూ లేదు. ఏ కోపిష్టీ ఆగలేదు.

కర్మ చేసే రోజుకి పెద్ద ఫొటో కావాలంటే నాలుగో రోజు ఆవిడ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఆఫీసులో మిగిలిన ఆవిడ సామాన్లు, అప్పడాల కర్రతో సహా, ఒక సంచీలో తెచ్చాను. ఫొటోలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయి. ఆన్ చేశాను. పక్కనే తగిలించి ఉన్న డిస్కులో లైటు వెలిగింది. కంప్యూటర్‌లో ఉన్నవి ఎప్పటికప్పుడు ఆ డిస్కులోకి కాపీ అయ్యేలా ఆవిడే పెట్టుకున్నారు. ఆన్ చేయగానే మిగిలిపోయినవి ఎక్కడం మొదలైంది. నేను ఫొటో వెతికి తీసుకున్నాను. డిస్కుని కూడా ఇంట్లోవాళ్ళకి అప్పగిద్దామని మెనూలో 'డిస్కు తీయాలి' నొక్కాను.

అప్పుడే మేడమ్ అన్నగారు గదిలోకి వచ్చారు. మిర్చి బస్తాలు మోసి మోసి పెరిగిన భుజాలు. నాలుగు రోజులుగా ఆయన ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని అందరూ అనుకుంటున్నారు. వెలుగుతున్న తెర చూశారు.

"ఈ డబ్బా కోసమే కదా తల పగలగొట్టుకుంది" అన్నారు. గొంతు చాలా మామూలుగా ఉంది. సంచీలోంచి అప్పడాల కర్ర తీశారు. మొదటి దెబ్బకి కీబోర్డ్ రెండు ముక్కలైంది, మీటలు గది నిండా ఎగిరాయి. రెండో దెబ్బకి టేబుల్ మీది గాజు పగిలింది. "దీని కోసమే కదా. దీని కోసమే కదా నా మాట వినలేదు." నేను లేచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన చూడకుండానే రెండో చేత్తో వెనక్కి నా చెంప మీద ఒకటి కొట్టారు. నేను మంచం కోడుకి తగిలి కింద పడ్డాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఆయన కర్ర పారేసి, డిస్కుని పిడికిట్లో పట్టుకుని పైకెత్తారు. వైరు బిగుసుకుంది. ఇంకో వేలెడు లాగితే ఊడిపోతుంది.

కింద నుంచి నాకు ఆయన మొహం కనిపిస్తోంది. తెర నిండా పెద్ద అక్షరాలున్నాయి. ఆయన పెదాలు కదిలాయి. బడి పిల్లాడిలా ఒక్కో మాటా కూడబలుక్కుని చదివారు.

'అమ్మ గోంగూర చెప్పినప్పుడు' ఇంకా ఎక్కుతోంది. లాగొద్దు.

"అమ్మా?" అన్నారు.

ఎప్పుడో వాళ్ళమ్మ బతికుండగా గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెబుతుంటే మేడమ్ ఫోన్లో రికార్డు చేసుకుని, పోయే ముందు కంప్యూటర్‌లో ఆ పేరుతో దాచుకున్నారు. అది నాకు తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒక్కటే, ఆయన చెయ్యి ఆగింది. కంచం గోడకేసి కొట్టిన చెయ్యి, నా చెంప వాయించిన చెయ్యి, గాల్లో అలాగే ఆగిపోయింది. ఆయన ఒంట్లో కోపం ఇంకా తగ్గలేదు, భుజాలు ఊగుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం కిందికి దిగింది, వైరు వదులయ్యేదాకా మెల్లగా దిగింది.

"ఎంతసేపు?" అని అడిగారు.

"తెల్వదండీ. అయినంక అదే చెప్తది" అన్నాను.

ఆయన పగిలిన గాజు మధ్యలో నేల మీద కూర్చున్నారు. డిస్కుని వేడి గిన్నె పట్టుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకున్నారు, వైరు కదలకుండా. తెర వైపు ఒకసారి, చేతుల్లోకి ఒకసారి చూస్తున్నారు. నేను మూతి తుడుచుకుంటూ ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన వేళ్ళ సందుల్లోంచి నీలం లైటు వెలుగుతోంది, ఆరుతోంది, మళ్ళీ వెలుగుతోంది.